గుట్టకు పోసిన నీళ్లు

గా మన్ను తట్ట ఆడనే దించు పంతులూ. నా వాకిట్ల పొయ్యకు. చెప్తున్న గదా, పొయ్యకు.

ఏడాది జైల్ల ఉండొచ్చినోనివి. నిన్ను గడప బయట నిలవెట్టి మాట్లాడుడు నాకు మాత్రం మంచిగనిపిస్తదా? కూసో. సల్ల తాగుతవా? వద్దా? సరే, నీ ఇష్టం. మన్ను మాత్రం వద్దు.

ఏంది? బొడ్డెమ్మ పండుగొచ్చె, మన్నుతోటి బొడ్డెమ్మను పేర్చెతందుకు ఆడివిల్లలు ఎట్లయిన పుట్టమన్ను తెస్తరు, పోయినేడు లెక్కనే గుట్టను చేపిస్త అంటున్నవా? ఊళ్లె మిలటరోళ్ల జీపు నిలవడ్డది సూడలేదా నువ్వు? రజాకార్లు పోయిండ్రు, సంబురమే. గని గీ వచ్చినోళ్లు గూడ గుట్టమీదున్న సంగపోళ్లనే అడుగుతుండ్రు. నా పెనిమిటి పెద్దులు ఇంక ఆడనే ఉన్నడు. మల్ల నా వాకిట్లనే గుట్టకు తొవ్వ గీపిస్తవా?

రామమ్మనా? బిడ్డ లోపలుంది. నేను పిలిస్తే రాదు.

నీకెవలు చెప్పలేదా? నిన్ను పట్కపోయిన కొన్నొద్దులకే అయిందిది. ఊరంత నా బిడ్డను మెచ్చుకుంటరు. మెచ్చుకున్నోళ్లు ఒక్కలన్న దాని మొఖం దిక్కు సక్కగ సూడరు.

నువ్వే గదా నేర్పింది. బొడ్డెమ్మ పక్కపొంటి ఇంకింత మన్ను పోపిచ్చి, ఇది మన గుట్ట అన్నవు. ఏలుతోటి గీకిపిచ్చి, ఇది లోయ, ఇది వాగు అన్నవు. మన వాగు మూసిల కలుస్తది, మూసి కిష్ణల కలుస్తదని గడప దాక కాలువ తీపిచ్చినవు. మీదికెల్లి చెంబెడు నీళ్లు పోస్తే అవి ఉరుక్కుంట పోతుంటె పిల్లలు సప్పట్లు కొట్టిరి. "సక్కగ చేసిండ్రో లేదో నన్ను అడుగొద్దు, నీళ్లనడుగుండ్రి. నీళ్లకు అబద్దం రాదు" అన్నవు.

గా మాట పట్టుకున్నది నా బిడ్డ. నిన్ను పట్కపోయినా ఇడువలే. వానకు కరగకుండ ఈతచాప కప్పేది. మేకలెంబడి గుట్టెక్కి, ఏ బండ ఏడున్నదో సూసొచ్చి సరిచేసేది. నీళ్లు మెత్తమన్నును తినుకుంట పోతే బండ కింద సొరికె పడ్తదని చెప్పినవట, ఆ సొరికె గూడ పుల్లతోటి తొలిచింది. చూసినోనికి గుట్టను చేతిల పెట్టినట్టే ఉండె. కొంప ముంచింది గదే.

ఒకనాడు పొద్దుగాల రజాకార్ల లారీ వచ్చిందని మేకల పోరగాళ్లు ఉరికొచ్చిండ్రు. పెద్దులు, ఎల్లేశం, సంగపోళ్లందరు గుట్టెక్కిండ్రు. నేను వాకిట్ల జొన్నలు దంచుతున్న. నా సూపు గీ మన్ను గుట్ట మీద పడ్డది. సంగపోళ్లు ఎక్కి దిగే తొవ్వ అండ్ల ఉండనే ఉండె.

ఇరగ్గొడ్దామనుకున్న. ఇరగ్గొడ్తే ఈడేందో చెరిపిండ్రని పిల్లలను కొట్టి అడుగుతరు. గందుకని ఆ తొవ్వల పిడికెడు మన్ను కూరిన. గుడ్డివాగు ఎరికే గదా నీకు? రెండు దిక్కుల బండలు, కొసకు గోడ లెక్క ఇంకొక బండ, పోయినోడు ఎన్కకే రావాలె. ఆ కొసకు నా బిడ్డ బండ లెక్క నిలవెట్టిన కుండ పెంకును పీకేసి, బొటనేలుతోటి గుట్ట మీదిదాక గీకిన. గంతే పని.

వచ్చిండ్రు. అండ్ల పెద్ద మీసాలోడు ఒకడు గుట్టను సూసి, ఎవలు చేసిండ్రు అన్నడు. నేనే అన్నది రామమ్మ. దానికి గొప్ప గదా, నువ్వు నేర్పిన చదువాయె. మీదికి ఏ తొవ్వ అన్నడు. అది వంగి సూసింది. మారిందని దానికి తెలిసింది. నా దిక్కు సూసింది. నేను తల దించుకున్న.

నోటితోటి అబద్దం ఆడలే పంతులూ నీ శిష్యురాలు. చెంబు తీసి నీళ్లు పోసింది.

ఏడికి పోయినయ్ నీళ్లు? నేను గీకిన కాడికే పోయినయ్. అబద్దం రాదంటివి గదా. ఎట్ల తొవ్వ తీస్తే గట్ల పోతయ్ నీళ్లు.

మీసాలోడు నవ్వి బిడ్డ రెక్క పట్టిండు. నువ్వు ముందట నడువ్ అన్నడు. చెంబు చేతిలనే ఉండె దానికి. బిడ్డను తీస్కపోతరని నాకు తట్టలే. తట్టలేదు, ఏం జెయ్యను. రోకలి పట్టుకోని ఎన్కనే ఉరికిన.

వాళ్లు గుడ్డివాగుల దిగుడు సూసి, మీద మనోళ్లు బండలను గడ్డపారలతోటి లేపి పెట్టిండ్రు. ముందటి బండ పెద్దులు చేతిల. కింద సూస్తే ముందట నడిచేది ఆయిన బిడ్డ. ఎల్లేశం ఇడువుమని ఒర్లుతుండు, ఈయిన ఇడుస్తలేడు. ఆ ఒర్లుడు ఇని కిందోళ్లు తుపాకులు పేల్చిండ్రు. ఎల్లేశానికి గొంతుల తగిలింది. మీదికెల్లి పడి, బండకు కొట్టుకోని, వాళ్ల కాళ్ల కాడనే పడ్డడు. గా గడబిడల బిడ్డ రెక్క ఇడిపిచ్చుకోని సొరికెల దూరింది. తను మన్ను గుట్టల పుల్లతోటి తొలిచిన గుడ్డివాగు సొరికెనే. అది దూరినంక ఇడిచిండు పెద్దులు.

ఇగ ఆ సప్పుడు అడుగకు. నడుము దాక బండ కింద పడ్డోడొకడు రెండు చేతుల ఏళ్లతోటి మన్ను గీకుతుండె, పిల్లలు వాగు గీకినట్టు. మీసాలోని తల ఏది, రాయి ఏది తెల్వకుంట అయింది. సొరికెలకెల్లి అంత సూసింది నా బిడ్డ.

నేను పోయేసరికి అది బయటికొచ్చింది. ఒక పోరడు, మూతి మీద మీసం గూడ సరిగ రాలే, కాలు నుజ్జునుజ్జయింది. పానీ, పానీ అంటుండు. రామమ్మ వాని తల లేపి, చెంబుల మిగిలిన నీళ్లు నోట్ల పోస్తున్నది. వాడు గుటకేస్తుండు.

నేను రోకలెత్తి కొట్టిన. నోట్ల నీళ్లు నోట్లనే ఉండె. మల్ల కొట్టిన. నెత్తురు చెంబుల పడ్డది, బిడ్డ మొఖం మీద పడ్డది.

ఏం సూస్తున్నవు గట్ల? వాడు బతికిపోతే మమ్మల గుర్తు పట్టకపోవునా? ఊరు కాలవెట్టకపోవునా? కాలవెట్టనే కాలవెట్టిండ్రు, అది వేరే మాట. అసొంటోడు మల్ల దొరికితే మల్ల కొడ్త. దానికి నాకు బాధ లేదు.

బాధ ఇంకోటి. నేనొండిన జొన్న గటక తింటది. పొయ్యి ఆరిందనో మేక తప్పిందనో మాట గూడ అంటది. నా చేతి నీళ్లు మాత్రం తాగది. జరమొచ్చి పెదవులు పగిలినా తాగలే. బాయి కాడ ఎవలన్న దోసిట్ల పోస్తే తాగుతది. కన్నతల్లిని పంతులూ, చెంబు పట్టుకోని బిడ్డ ముందట నిలవడి ఎన్కకు వస్తున్న రోజు.

ఇగో, చెంబు. అదే చెంబు. చింతపండేసి తోమి తోమి అరిగింది. ఇప్పుడే నింపిన. నువ్వు తీస్కపో లోపటికి, నీ చేతివైతే తాగుతదేమో.

ఎవలు ముంచిండ్రని అడుగుతది. నువ్వే ముంచినవని చెప్పు. ఒక్క అబద్దం ఆడు పంతులూ, ఏంగాదు.