ఏడో ఛానల్

ఇంకా కడుతున్న పదిహేడంతస్తుల భవనం. పైన క్రేన్ గదిలో ఆపరేటరు, కింద వాకీటాకీతో అతని అక్క మొగుడు. సరుకు దిగే చోటు పైవాడికి సరిగా కనిపించదు. బావ ఎటు తిప్పమంటే అటు తిప్పడమే అతని పని. పాపం, ఇంట్లోనూ అంతే.

“కుడికి... కుడికి... ఒరేయ్, కుడికి అన్నానా? అది ఎడమరా!”

“తెలుసు బావా. చెయ్యి మాట వినట్లేదు.”

“ఏంటీ?”

“వణుకుతోంది. మీట పట్టుకుంటే జారిపోతోంది. బావా, ఇవాళ్టికి నా వల్ల—”

“ఆగాగు, నోరు ముయ్. ఇది ఒకటో ఛానల్, ఇంజనీరుగారు వింటుంటారు. ఏడుకి మార్చు. మార్చావా?”

“మార్చా.”

“ఇక ఎంతసేపు ఏడుస్తావో ఏడువ్. ఎవరూ వినరు.”

“ఆరు రోజులైంది బావా.”

“ఏది ఆరు రోజులు?”

“ఏదో నీకు తెలుసు. మాత్ర వేసుకుని.”

“ఆరు రోజులా! శభాష్. ఉన్నావా, పోయావా? ఆపితే కొంప మునుగుతుందన్నాడుగా ఆ డాక్టరు.”

“ఆపొద్దనలేదు. ఒక్కసారిగా ఆపొద్దన్నాడు. నాలుగేళ్ళ నించి రోజూ వేసుకుంటున్నావు కాబట్టి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి, నెలలు పడుతుంది అన్నాడు. ఎలా తగ్గించాలో కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితం నువ్వే చింపావు.”

“సోమవారం కంపెనీ డాక్టరు పరీక్ష పెట్టుకుని నెలలంటే ఎలారా? ఆయన చెప్పినట్టు వింటే నువ్వు మానేసేసరికి ఈ బిల్డింగు పాతబడిపోతుంది.”

“పరీక్షలో దొరుకుతుందని నీకెవరు చెప్పారు?”

“ఎవరు చెబితే ఏం? వీడికి ఏ జబ్బూ లేదు, ఏ బిళ్ళా మింగడు అని పూచీ కాగితం మీద సంతకం పెట్టింది ఎవరు? నేను. తేలిందంటే నీతో పాటు నన్నూ గేటు బయటికి గెంటుతారు. పదకొండేళ్ళ నౌకరీరా నాది.”

“ఆ రోజే చెప్పేస్తానన్నాను. నువ్వే వద్దన్నావు.”

“చెబితే ఆ కుర్చీలో కూర్చోబెట్టేవారా నిన్ను? సరే, ఊచల కట్ట గాల్లో వేలాడుతోంది. మెల్లగా కుడికి రా.”

“వస్తున్నా. బావా, ఆ ఇనుము కోసే గ్రైండరు కాసేపు ఆపమను. ఆ చప్పుడు నా పళ్ళలోకి వస్తోంది.”

“పళ్ళలోకా? ఇంకా నయం, ఆ చెవుల్ని వదిలేసింది.”

“ఎగతాళి కాదు. చర్మం కింద చీమలు పాకుతున్నట్టుంది. ఆరు రోజులుగా కంటి మీద కునుకు లేదు. అద్దంలోంచి చూస్తే క్రేన్ చెయ్యి ఒకసారి పొడుగ్గా ఉంటోంది, ఒకసారి పొట్టిగా ఉంటోంది.”

“నేను సిగరెట్టు మానలేదా? రోజుకి రెండు పెట్టెలు ఊదేవాణ్ణి. ఒక్క పూటలో మానేశా. నాకూ చేతులు వణికాయి, నాకూ నిద్ర పట్టలేదు. చచ్చానా?”

“అది వేరు, ఇది వేరు.”

“ఏం వేరు? అలవాటు అలవాటే. నాకు పౌరుషం ఉంది, నీకు లేదు. చిన్నప్పుడు మీ అక్క నిన్ను చంక దించకుండా పెంచింది, ఆ గారం ఇంకా దిగలేదు.”

“ఆ మాత్ర లేకపోతే నేనీ మెట్లు ఎక్కేవాణ్ణే కాదు బావా. పాత సైట్లో ఆ కట్ట జారి మనిషి పోయాక—”

“మళ్ళీ అదే పాటా? దించింది నువ్వు. కట్ట కట్టింది నేను. నాకేమైనా గుండె దడ పుట్టిందా? వేళకి తింటున్నా, గుర్రుపెట్టి నిద్రపోతున్నా.”

“అదే నాకు అర్థం కాదు.”

“అర్థం చేసుకోవడానికి జీతం ఇవ్వట్లేదు నీకు. ఇంకొంచెం కుడికి.”

“అక్కకి ఒక్కసారి ఫోన్ చెయ్యి. నువ్వు చెయ్యకపోతే నేనే దిగి చేస్తా.”

“చేసి?”

“నువ్వు నా మాత్రల డబ్బా ఎత్తుకుపోయావని చెబుతా.”

“మీ అక్కకా! ఓరి అమాయకుడా. నువ్వు పాత బూటులో దాచిన డబ్బా సంగతి నాకెలా తెలిసిందనుకున్నావ్?”

“అక్కే ఇచ్చిందా?”

“తెచ్చి చేతిలో పెట్టింది. ‘మీరే ఏదో ఒకటి చెయ్యండి, వీడు బతికినన్నాళ్ళూ బిళ్ళల మీదే బతికేట్టున్నాడు’ అంది. ఇంటిల్లిపాదీ నువ్వు బాగుపడాలనే చూస్తున్నారు. నువ్వొక్కడివి తప్ప.”

“డబ్బా ఎక్కడుంది?”

“మురిక్కాలవలో.”

“నిజం చెప్పు బావా.”

“చెప్పాగా, కాలవలో.”

“ఇందాక నువ్వు మెట్ల దగ్గర వంగినప్పుడు నీ చొక్కా జేబులో గలగలమంది. నేను విన్నా. ఒక్కటి, బావా. పోనీ సగం. ఎవరితోనైనా పైకి పంపు. నీ కాళ్ళు పట్టుకుంటా.”

“అంత ఎత్తు నించి కాళ్ళెలా పట్టుకుంటావ్? ముందు ఆ మీట పట్టుకో సరిగ్గా.”

“అయితే దిగిపోతా.”

“దిగు. ఎందుకు దిగావని ఇంజనీరుగారు అడుగుతారు. ‘నా బిళ్ళలు మా బావ దాచాడు సార్’ అంటావా? రేపట్నించి నువ్వూ ఇంట్లోనే, నేనూ ఇంట్లోనే. మీ అక్క మనిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని మురిసిపోతుంది.”

“కింద ఎంతమంది ఉన్నారు?”

“ఐదుగురు. ఊచలు ఎప్పుడొస్తాయా అని మెడలు నొప్పెట్టేట్టు చూస్తున్నారు.”

“పక్కకి పంపు వాళ్ళని.”

“ఏమని పంపను?”

“ఏదో ఒకటి చెప్పు! నా చేతి కింద మనుషుల్ని పెట్టకు బావా, నీకు దండం పెడతా!”

“అరవకురా, అరవకు. ...ఒరేయ్, మీరంతా అవతలికెళ్ళి మంచినీళ్ళు తాగి రండి! ...పంపాను. చల్లబడ్డావా? ఇంకో రెండు మీటర్లు కుడికి.”

“బావా, ఒక మాట ఇవ్వు.”

“ఊచలు దించు, ఇస్తా.”

“కాదు, ఇప్పుడే. ఇలా ఉన్నపళంగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చన్నాడు డాక్టరు. ప్రాణానికే ముప్పన్నాడు. నేనిక్కడ పడిపోతే, చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఒక్క ముక్క చెప్పు. నాలుగేళ్ళు వాడిన మాత్ర ఆరు రోజుల కింద ఆపేశాడని. ఆ డబ్బా చూపించు. అది తెలిస్తే సరైన సూది వెంటనే వేస్తారు. తెలియకపోతే తడుముకుంటూ కూర్చుంటారు.”

“నీకేం కాదురా.”

“చెబుతావా, చెప్పవా?”

“చెబుతాలేరా బాబూ.”

“అక్క మీద ఒట్టు?”

“మీ అక్క మీద ఒట్టు. ఇక దించు. మెల్లగా... మెల్లగా... ఇంకో మీటరు... అరడుగు... ఆపు! కూర్చుంది. పువ్వు పెట్టినట్టు కూర్చుందిరా! చూశావా? చెయ్యి వణికింది, కళ్ళు తిరిగాయి, చీమలు పాకాయి. పని ఆగిందా? అంతా నీ బుర్రలోనే ఉందిరా వెర్రివాడా.”

“బావా... ఆ వెలుగు...”

“ఏ వెలుగు?”

“నా... నాలిక... బావా...”

“ముద్దముద్దగా మాట్లాడకు. మనవాళ్ళు వచ్చి హుక్కు విప్పుతున్నారు, ఇంకో కట్ట ఉంది. ...ఏరా, అద్దాన్ని ఎందుకు తన్నుతున్నావ్? అందరూ పైకి చూస్తున్నారు, ఆపు. ...ఏంటా గురగుర? మీట మీంచి చెయ్యి తియ్. ఆటలాడకు. ఒరేయ్! బామ్మర్దీ! ...నాన్నా, పలకరా. ఇదిగో, నా జేబులోనే ఉందిరా, పారెయ్యలేదు, తెచ్చిస్తా, పలకరా...”

“హలో, హలో! ఛానళ్ళన్నీ తిప్పుతూ నీకోసం వెతుకుతున్నా, ఒకటో ఛానల్లోకి రావయ్యా! నేను, ఇంజనీరుని. క్రేన్ గదిలో ఏం జరుగుతోంది?”

“వచ్చా సార్. మావాడు... మావాడు పడిపోయాడు సార్.”

“ఇద్దర్ని పైకి ఎక్కించాను. కొట్టుకుంటున్నాడట, నోట్లోంచి నురగట. అంబులెన్సులో డాక్టరుగారు నాకు ఫోన్లో ఉన్నారు. మూర్ఛ జబ్బుందా అతనికి?”

“లేదు సార్.”

“మాత్రలేమైనా వాడతాడా? వాడుతూ వాడుతూ ఈమధ్య ఏదైనా మానేశాడా? దాన్ని బట్టే సూది అంటున్నారు. ఆలోచించుకుని చెప్పు.”

“మాత్రలా సార్?”

“అవునయ్యా, మాత్రలు! త్వరగా చెప్పు!”

“ఏ మాత్రలూ లేవు సార్.”

“మరి ఎందుకు పడ్డాడు?”

“పొద్దున్నే తాగొచ్చాడు సార్. ఎక్కొద్దురా అని మొత్తుకున్నా, వినలేదు. సొంత బామ్మర్దే అయినా, ప్రాణం మీదికి వచ్చినప్పుడు నిజం దాచకూడదు కదా సార్.”