కొట్టివేతల్లేని నోట్సు

లేదు మేడమ్, నేను కూర్చోను. రోజంతా కుట్టుమిషను ముందు కూర్చునేవాణ్ణే. కానీ ఒక్క మాట చెప్పండి. మా అమ్మాయి లెక్కల పరీక్షలో మూడు గంటలూ కూర్చుని, పేరూ నంబరూ మాత్రం రాసి, తెల్ల కాగితాలు ఇచ్చొచ్చిందంటే అది నా తప్పెలా అవుతుంది?

ఇంట్లో పట్టించుకోరా అన్నారు చూడండి, అక్కడే నాకు కాలింది. నేనా పట్టించుకోనిది? రోజూ సాయంత్రం షాపులో బట్టలు కత్తిరించే బల్ల మీద సగం ఖాళీ చేసి దాన్ని కూర్చోబెడతాను. ఎవరొచ్చి నిలబడ్డా సరే, ముందు దాని నోట్సు చూశాకే టేపు పట్టుకుంటాను. ఆ నోట్సు మీరూ చూశారుగా. ఒక్క కొట్టివేత ఉందా? వంక పెట్టగలరా?

ఎలా చూస్తానంటే... నేను చదివింది నాలుగు. ఎనిమిదో తరగతి లెక్కలు నాకేం తెలుస్తాయండీ. పనితనం తెలుస్తుంది కదా. కొట్టేసి పక్కన మళ్లీ రాసిందనుకోండి, ఆ పేజీ చింపేస్తాను. మొదట్నుంచి రాయమంటాను. కొట్టను, తిట్టను, ఒట్టు. చింపుతాను, అంతే.

మా పని అలాంటిది. కుట్టు తప్పితే విప్పేసి, సూది పోట్లు కూడా కనపడకుండా ఇస్త్రీ చేసి మరీ కుట్టాలి. విప్పిన ఆనవాలు కనిపిస్తే బట్ట మన మొహానే కొడతారు. పిల్లకీ అదే నేర్పాను.

ఏంటీ? అది మీతో ఏమంది?

పరీక్ష పేపర్లో పేజీలు చింపకూడదన్నారు, అందుకే రాయలేదు... అలా అందా?

ఉండండి. కూర్చుంటాను.

ఈ మధ్య షాపులో కూడా పెన్ను పట్టుకుని ఊరికే గోడకేసి చూస్తోందండీ. బాగా ఆలోచిస్తోంది కాబోలనుకున్నాను. మురిసిపోయాను కూడా. ఛీ.

మళ్లీ పరీక్ష పెడతారా? నేను అర్జీ రాసిస్తేనా? మీరు రాయండి, సంతకం పెడతాను. నా చేత్తోనే రాయాలా? ఇవాళ ఇవ్వకపోతే ఏడాది పోతుందా? సరే, ఇటివ్వండి.

అయ్యో, రెండో లైన్లోనే తప్పు పడింది. ఇంకో కాగితం ఇవ్వండి మేడమ్, ఇది చింపేస్తాను. అదేంటి, ఇవ్వనంటారు? మీ బల్ల మీద అన్ని ఉన్నాయి కదా. ఒక్కటి.

ఎందుకలా గుమ్మం వైపు చూస్తున్నారు?

ఎప్పట్నుంచి నిలబడిందండీ అది? నా చేతివంకే చూస్తోంది.

కొట్టేసి పక్కన రాయమంటారు. దాని ఎదురుగా. అంతేనా?

మేడమ్, నిజం చెప్తాను. జరుగుబాటు లేక బడి మానేశానని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను. అదేం కాదు. తప్పు కొట్టేసి రాసిన నా పలకని మాస్టారు ఎత్తి క్లాసందరికీ చూపించారు, అందరూ నవ్వారు. మర్నాటి నుంచి వెళ్లలేదు. దాని నోట్సులో కొట్టివేత కనిపిస్తే నాకు ఆ నవ్వే వినిపించేదండీ. దాన్ని చూసి ఎవరూ నవ్వకూడదనే చింపాను. ఇంతకీ దాన్ని భయపెట్టింది నేనే.

ఇదిగో, కొట్టేశాను. గీత వంకర పోయింది.

లోపలికి రామ్మా. ఇంకా ఎన్ని తప్పులు రాశానో చూసిపెట్టు.