కిటికీ పక్క పడక

అధ్యక్షులు రేవు అధికారి గారికి, వేదిక మీద ఉన్న పెద్దలకు, లాంచీ నడిపే మా సరంగు గారికి, టికెట్ల గదివాళ్లకు, ఇన్నేళ్లూ నా వంట తిని కూడా ఆరోగ్యంగా నా ముందు కూర్చున్న లాంచీ సిబ్బంది అందరికీ నమస్కారం. (నవ్వులు)

ఇందాక నా వీడ్కోలు సభ మొదలుపెడుతూ అధ్యక్షులవారు నన్ను సహనమూర్తి అన్నారు. ఆ మాట వినగానే మా టికెట్టక్కకు పొలమారింది, నేను చూశాను. ఎవరైనా ఆవిడకి కాసిని మంచినీళ్లివ్వండమ్మా. నా సహనం ఏపాటిదో ఆవిడకే బాగా తెలుసు. మాడిన గిన్నె తోమకుండా నా నెత్తిన పెట్టిపోయిన కళాసీని గరిటె పుచ్చుకుని లాంచీ ఈ చివర నుంచి ఆ చివరిదాకా తరిమినదాన్ని నేను. అలా పరిగెత్తిన మనిషే ఇప్పుడు పక్క లాంచీకి సరంగు. అదిగో, సిగ్గు లేకుండా చెయ్యి ఊపుతున్నాడు. (నవ్వులు)

నా సంగతి తెలియని కొత్తవాళ్లు కూడా ఇక్కడున్నారు కాబట్టి చెప్పేస్తాను. మా ఇంట్లో నన్ను మగపిల్లాడనుకుని పెంచారు. కాదని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. ఆ మాట బయటికి చెప్పిన రోజు నుంచి మా నాన్న నాతో మాట్లాడటం మానేశాడు, పోయేదాకా మాట్లాడలేదు. (ఆగి) అది తలుచుకుంటే ఇవాళ ప్రసంగం సాగదు, వదిలేద్దాం.

మన లాంచీ మధ్యాహ్నం ఇక్కడ బయల్దేరితే అవతలి రేవు చేరేసరికి తెల్లారుతుంది. అంటే వంటమనిషికైనా ఒక పడక కావాలి. నేను చేరినప్పుడు మగవాళ్లకో గది, ఆడవాళ్లకో గది ఉండేవి. అప్పటి సరంగు గారు పెద్దాయన, మంచాయన, నన్ను ఎగాదిగా చూసి తల గోక్కుని, "నిన్నెక్కడ పడుకోబెట్టనమ్మా?" అన్నారు. ఆడవాళ్ల గదిలో అన్నాను. "వాళ్లు ఒప్పుకోవద్దూ!" అని నన్ను తీసుకెళ్లి బియ్యం బస్తాల గదిలో పెట్టారు. బస్తాలకీ నాకూ మధ్య ఒక చాప. ఎలకలు మాత్రం నేను ఆడా మగా అని ఒక్కనాడూ అడగలేదు. (నవ్వులు)

లాంచీ అంటే నాలుగు దేశాల మనుషులు ఒకే గరిటె కింద తినే చోటు. అన్నాల దగ్గర ఏం మాట్లాడాలో తోచకపోతే అందరికీ నేనే దొరికేదాన్ని. తాళ్లు చూసే తాత, పాపం ఇవాళ మోకాళ్ల నొప్పులతో రాలేకపోయాడు, ఆయనది ఎక్కడో దీవి. "మా దగ్గర నీలాంటి బిడ్డ లేని ఇల్లు వెలితిగా ఉంటుందే! తల్లిని చూసుకునేది వాళ్లే, చంటిపిల్లల్ని సాకేది వాళ్లే" అని మురిసిపోయేవాడు. మరి వాళ్లకి పెళ్లి చేస్తారా తాతా అని అడిగాను. ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "పెళ్లయి వెళ్లిపోతే ఇంట్లో పనెవరు చేస్తారు మరి?" అన్నాడు. టికెట్టక్క వైపు సంగతి వేరు. అక్కడ అంతా చట్టమట, దరఖాస్తు పెట్టుకుంటే చాలట, ఆడో మగో నువ్వు ఏమని రాస్తే అదేనట. అంత చక్కగా చెప్పి, తన పళ్లెం తీసుకుని బల్ల అవతలి చివరికెళ్లి కూర్చునేది. ఏమక్కా, అబద్ధమా? చూశారా, తల ఊపుతోంది.

ఇక ఇంజను చూసే మా గ్రీజు తమ్ముడు. రెండో వరసలో, అదిగో, నెత్తి నెరిసినా గోళ్లలో గ్రీజు పోనివాడు. ఒకసారి మన లాంచీకి కొత్త ఇంజను బిగించారు. బయల్దేరేముందు వీడు వంటగదిలోకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, ఇంజను మీద ఒక్కసారి చెయ్యి పెట్టు. మా వైపు మీలాంటివాళ్ల దీవెన లేందే కొత్త పడవ నీళ్లలోకి దిగదు."

"మరి దీవించినవాళ్లు ఆ పడవెక్కుతారా?"

"అబ్బే, ఎక్కనివ్వరు. ఒడ్డు మీదే దండం పెట్టి పంపేస్తారు."

ఎంత అమాయకంగా అన్నాడో! నాకు ఒళ్లు మండిపోయింది. "దీవెన తర్వాత, ముందు నాకు పడక ఇప్పించరా" అన్నాను. పాపం వెళ్లి అడిగాడు కూడా. సరంగు గారు ఆడవాళ్ల గదినే అడగమన్నారు, ఆడవాళ్ల గది కుదరదు పొమ్మంది. వాడు మళ్లీ వచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంటే చూడలేక, పిండి చేత్తోనే ఇంజను మీద ఒకటి చరిచి వచ్చాను.

బయల్దేరిన కాసేపటికే, సరిగ్గా నీళ్ల మధ్యలో, ఇంజను ఆగిపోయింది.

ప్రయాణికుల కేకలు. సిబ్బంది మాత్రం అందరూ నా వైపే చూశారు. "మనసులో శపించి ఉంటుంది" అని ఎవరో గొణిగారు. నన్ను చూసి నవ్వినవాళ్లున్నారు, ఉమ్మినవాళ్లున్నారు, వాళ్లకి జవాబు చెప్పగలను. నన్ను చూసి వణికేవాడికి ఏం చెప్పను? (ఆగి) కిందికి దిగాను. గ్రీజు తమ్ముడు ఇంజను ముట్టుకోకుండా గోడకి అతుక్కుని నిలబడ్డాడు. "తప్పయిపోయిందక్కా, శాపం తీసెయ్" అన్నాడు.

"శాపమే ఉంటే ముందు ఆ ఎలకలకి పెట్టేదాన్ని కదరా! నువ్వు మెకానిక్కువి, నీ పని నువ్వు చెయ్యి. నేను లైటు పట్టుకుంటాను" అన్నాను.

తిట్టుకుంటూ, దండాలు పెట్టుకుంటూ విప్పాడు. డీజిల్ ఫిల్టరు నిండా బురద! ట్యాంకు కడగకుండానే కొత్త ఇంజను బిగించేశారు. కడిగి బిగించాక ఒక్క ఊపున అందుకుంది. వాడు ఫిల్టరునీ నన్నూ మార్చి మార్చి చూసి, కాస్త నిరాశగా, "అంటే నువ్వు మామూలు మనిషివేనా అక్కా?" అన్నాడు. (నవ్వులు)

నవ్వకండి. ఈ సన్మాన పత్రంలో చాలా గొప్ప మాటలు రాశారు, రాసినవాళ్లకి వెయ్యి దండాలు. కానీ నన్ను ఆ మాటకంటే ఎక్కువగా ఎవరూ సన్మానించలేదు. దేవతని చేసినా దయ్యాన్ని చేసినా మనిషిని గుమ్మం బయటే ఉంచుతారు. మామూలు మనిషైతేనే లోపలికి రమ్మంటారు.

ఆ సాయంత్రమే టికెట్టక్క ఒక దిండు చంకన పెట్టుకుని బస్తాల గది దగ్గరికొచ్చింది. "ఎలకలు నిజంగానే ఉన్నాయా?" అంది. ఉన్నాయన్నాను. "కిటికీ పక్క పడక ఖాళీగా ఉంది. నేను గురక పెడతాను మరి" అంది. నేనూ పెడతానన్నాను. చాప చుట్టుకుని ఆవిడ వెనకే నడిచాను. ఎందుకు మనసు మారిందో ఇప్పటిదాకా చెప్పలేదు. ఇప్పుడైనా చెప్పక్కా. ఏంటీ? ఎలకల మీద జాలా? (నవ్వులు) సరే, అదే అనుకుందాం. ఆ రోజు నుంచీ నేను వాళ్ల గదిలోనే ఉన్నాను.

చాలా ఏళ్ల తర్వాత గ్రీజు తమ్ముడు మళ్లీ వంటగదిలోకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వాళ్ల చెల్లెలి బిడ్డ, మేనల్లుడు అన్నాడు మొదట, తర్వాత వాడే మేనకోడలు అని సర్దుకున్నాడు. ఆ పిల్ల నాలాంటిదేనట. ఇంట్లో ఎవరూ కొట్టలేదట, తిట్టలేదట, పడవల్ని దీవించేవాళ్లకి అప్పగించడానికి బట్టలు సర్దుతున్నారట. "మా దగ్గర అది గౌరవమే అక్కా. కానీ నాకు నిద్ర పట్టట్లేదు" అన్నాడు.

"ఆ పిల్లకి దండం పెట్టకండిరా. అన్నం పెట్టి బడికి పంపండి" అన్నాను.

వాడు ఊరెళ్లి అందరితోనూ పోట్లాడి, బడికే పంపించాడు. ఆ పిల్ల ఇంజన్ల పని నేర్చుకుంది. రేపటి నుంచి మన లాంచీలో మేనమామ దగ్గరే సహాయకురాలు. లేమ్మా, అందరూ చూస్తారు. చప్పట్లు కొట్టండి, బిడ్డ సిగ్గుపడుతోంది. (చప్పట్లు)

నా వంట భరించినవాళ్లకీ, భరించలేక పోట్లాడినవాళ్లకీ, ఇంత సభ చేసిన పెద్దలకీ రుణపడి ఉంటాను. పొద్దున్న ఈ పిల్ల తల్లి నా దగ్గరికొచ్చి, బిడ్డని దీవించమంది. దీవెన నా దగ్గర లేదమ్మా, ఆ సంగతి ఫిల్టరుతోనే తేలిపోయింది. ఉన్నది ఇదిగో, ఆ గదిలో నా అలమర తాళం. పట్టుకో తల్లీ. కిటికీ పక్కదే నీ పడక, పరుపు కొత్తది వేయించాను. కిటికీ రెక్క గట్టిగా లాగితేగానీ పడదు, వానొస్తే ముందు అది చూసుకో. టికెట్టక్క గురక రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

ఇక నాకు సెలవు.