నాలుగు నిమ్మకాయలు

ఫిలింనగర్ గుట్ట మీద, ఏటవాలు దారిలో, ముందు చక్రానికి రాయి అడ్డుపెట్టిన పాత పికప్ బండి నిలబడి ఉంది. లోపల ప్రొడక్షన్ మేనేజర్ చేతులు స్టీరింగుకు కట్టేసి ఉన్నాయి. షేక్‌పేట మెకానిక్ జాకీ రాడ్ పట్టుకుని కిటికీ పక్కన నిలుచున్నాడు.

“కట్లు విప్పవయ్యా! నెత్తురు కారుతోంది, చూడు.”

“కారనియ్యున్రి సార్. మా తమ్మునికి కారినంత ఇంకా కారలే.”

“అది యాక్సిడెంటు! ఫైటర్లన్నాక షూటింగుల్లో అలాంటివి జరుగుతుంటాయి.”

“నలభై ఏండ్ల ఈ బండికి లారీ ఇంజన్ ఎక్కియ్యమన్నరు, ఎక్కిచ్చిన. గేర్‌బాక్స్ మార్చమన్నరు, మార్చిన. గింత జోరును పాత బ్రేకులు ఆపలేవు, ఇంక రెండు దినాలు ఇయ్యున్రి అన్న. మీరేమన్నరు?”

“హీరోగారి డేట్లు అయిపోతున్నాయన్నాను. నా చేతుల్లో ఏముంది?”

“నేనొచ్చేలోపల వాణ్ణి బండెక్కిచ్చిన్రు. బ్రేకుల సంగతి వానికి చెప్పిన్రా?”

“చెబితే... ఎక్కేవాడు కాదు.”

రాడ్ తలుపు మీద పడింది. రెండో దెబ్బ తలుపు మీద పడలేదు.

“అమ్మా! నా భుజం! చంపేస్తావా ఏంటి?”

“బ్రేకులు మంచిగున్నయని చెప్పి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, దిష్టి తీసి, ఇగ పో అన్నరు.”

“అది ఆనవాయితీ కదయ్యా! ప్రతి షాటుకీ పెడతాం.”

“ఈ బండికి ఇంక ఆ పాత బ్రేకులే ఉన్నయ్ సార్. ఏం మార్చలే.”

“ఆ రాయి దగ్గరకెందుకు వెళ్తున్నావు? నీ చేతిలో ఆ సంచేంటి?”

“ఫికర్ చెయ్యకున్రి. మీకు గూడ నాలుగు నిమ్మకాయలు తెచ్చిన.”