కరుణ సిస్టర్‌కు పిట్టకు పెట్టిన ముచ్చట

పెర్కిట్ కాడ హైవే పక్కన ఎస్తేరమ్మ చాయ హోటల్ల కూసొని తుకారాం బావ నోరు తెరిచిండంటె, రోడ్డు మీద లారీలు గూడ హారన్ బంద్ జేసి ఇంటయ్. ఇది నా మాట కాదు, ఆయన మాటనే. మస్కట్ల ఎనిమిదేండ్లు మేస్త్రి పని చేసి, వచ్చేటప్పుడు గోడంత టీవీ తెచ్చిండు. గా టీవీల ప్రతి ఆదివారం పగటిపూట 'పీనుగుల పట్నం' అని ఒక సీరియల్ వస్తది. ఏ దేశం వాళ్ళు తీసిన్రో ఏమో, తెలుగు మాటలు పెట్టి వేస్తరు. అండ్ల చచ్చినోళ్ళు లేస్తరు, నడుస్తరు, దొరికినోళ్ళను కొరుకుతరు, కొరికించుకున్నోడు గూడ పీనుగై లేస్తడు. మా వాడకట్టుల బీడీలు చేసే ఆడోళ్ళంత చాటలు ఒళ్ళె పెట్టుకొని బావ ఇంట్లనే కూసొని చూస్తుండె.

చూస్తుండె అని ఎందుకంటున్ననంటె, ఇప్పుడు ఎవలు చూస్తలేరు, మూడు వారాల కింద అండ్ల కరుణ సిస్టర్ సచ్చిపోయింది. ఆమె నర్సు. మూడేండ్ల సంది అందరి పుండ్లు కడిగింది, అందరికి గంజి తాపింది. ఆ దినం ఒక పిల్లను బయటికి నూకి, తను లోపలుండి తలుపు వేసుకున్నది. లోపల నలభై పీనుగులు. గంతే, అయిపోయింది. ఆమె శవం మాత్రం చూపియ్యలే. ఉన్నదా పోయిందా తేలక వాడకట్టు ఆడోళ్ళు మూడో దినం ఆమెకు పిట్టకు పెట్టిన్రు. పోయినోళ్ళకు ఇష్టమైంది వండి పెట్టి కాకి కోసం చూస్తం గదా. కాకి ముడితే మనిషి నిమ్మలంగ పోయినట్టు, ముట్టకుంటె మనసుల ఏదో మిగిలినట్టు, లేకుంటె మనిషి పోనే పోనట్టు.

ముట్టిందని చెప్పింది తుకారాం బావ. గదే ముచ్చట మొన్న హోటల్ల మళ్ళ మొదలువెట్టిండు. నేను ఆపుదామని చూసిన, ఎందుకంటె బెంచీ చివర్ల అంజవ్వ కూసున్నది. బీడీల గంప పక్కన పెట్టుకొని, కార్ఖానకు పోనీకి నా ఆటో కోసం ఆగింది. ఆ దినం కరుణ సిస్టర్ విస్తరి పక్కన అంజవ్వ ఇంకో విస్తరి పెట్టింది. అది ఆమె మొగడు గంగన్నది. గంగన్న కరోనల దవాఖానల పోయిండు. మూట గట్టి వాళ్ళే తీస్కపోయి కాలవెట్టిన్రు, మూడో దినం ఈమెను ఇంట్లకెళ్ళి బయటికి రానియ్యలే. పిట్టకు పెట్టలేదనే బాధ ఆమెను అప్పటి సంది తింటనే ఉన్నది. రెండు విస్తర్లు ముట్టినయని బావ చెప్పినంకనే ముసలామె కండ్ల నిండ నిద్ర పోతున్నది. బావ చెప్పిన కాకి మీద మాకందరికి అనుమానమే, కాని నిద్ర పోయే మనిషిని లేపుడెందుకని ఎవరం నోరు తెరువలే. నోరు మూసుకోవాల్సినోడు బావ ఒక్కడే మిగిలిండు. ఆయనకు మొన్న హోటల్ల సిరికొండ రైతు రాజేశ్వర్ దొరికిండు. పసుపు అమ్మనీకి వచ్చిన మనిషి, కొత్త చెవులు.

"నేనైతె ఏడ్వలే రాజేశ్వర్ అన్నా," అన్నడు బావ, చాయ గ్లాసు చేతుల తిప్పుకుంట. "కరుణ సిస్టర్ పోయిన దినం పెర్కిట్ల కండ్లు తడవని ప్రాణి ఏదన్న ఉన్నదంటె అది నేనొక్కన్నే. రిమోట్ తీసిన, టీవీ బంద్ జేసిన, లేచి మంచినీళ్ళు తాగిన. గుండె నిబ్బరమంటె గది."

"మస్తు నిబ్బరం," అన్నది ఎస్తేరమ్మ చాయ వడవోసుకుంట. "నీ తువ్వాల రెండుసార్లు పిండి ఆరేసిన అని నీ పెండ్లాం భాగ్యవ్వ చెప్పింది."

"అది చెమట. మా భాగ్యవ్వకు చెమటకు, కన్నీళ్ళకు తేడ తెల్వది. జర ముచ్చట చెప్పనియ్యి. అన్నా, మా వాడకట్టు ఆడోళ్ళు ఎంత ఏడ్చిన్రంటె, తునికాకు నానబెట్టనీకి ఆ దినం ఒక్క బిందె నీళ్ళు ముట్టలే. కండ్లనీళ్ళు చాటలల్ల వడ్డయ్, ఆకు గండ్లనే నానింది. కార్ఖానల సేటు ఒక బీడీ అంటువెట్టి సూసిండట, జర ఉప్పగ తగిలిందట. 'గీ రుచి మంచిగున్నది, రోజు గిట్లనె చెయ్యిన్రి' అన్నడట. ఆడోళ్ళు రోజు యాడికెళ్ళి ఏడుస్తరు చెప్పు. ఆ తర్వాత ఏమైందో ఎర్కెనా? ఏడ్పు వాడకట్టు దాటింది. ఆర్మూర్ మార్కెట్ యార్డుల చొచ్చింది. పసుపు వేలం పాట నడుస్తున్నది. పాట పాడెటోడు రేటు చెప్పబోయి 'కరుణ' అన్నడు, చతికిలవడ్డడు. హమాలీలు నెత్తి మీది సంచులు కింద వడేసి, పసుపు కుప్పల మీద బోర్ల వడి ఏడ్చిన్రు. లేచినంక ఎవడు ఎవడో పెండ్లాలు గూడ గుర్తు పట్టలే, అందరియి పసుపు మొకాలే."

రాజేశ్వర్ గ్లాసు కింద పెట్టిండు. "సీరియల్ ఆదివారం గదా తుకారాం. ఆదివారం యార్డు బంద్ ఉంటది."

"గదే చెప్తున్న. ఏడ్వనీకె తెరిపిచ్చిన్రు."

గిట్లుంటది బావ తోని. మాటలు కోటలు దాటుతయంటరు గాని, ఈయన మాటలు జిల్లాలు దాటుతయ్, వీసా గూడ అడుగవు. నేను అంజవ్వ దిక్కు చూసిన. ఆమె గంప మీద గుడ్డ సర్దుకుంటున్నది, చెవి మాత్రం ఇటే ఉన్నది.

"బస్టాండ్ల ఏమైందో ఇను," అన్నడు బావ. "భీమ్‌గల్ బస్సు డ్రైవర్ స్టీరింగ్ మీద తల పెట్టిండు, లేవలే. 'సిస్టర్ లేని లోకంల గేర్ ఎట్ల మారుస్త' అన్నడు. సవారీలు దిగి నడుసుకుంట పోయిన్రు, నడుసుకుంట ఏడ్చిన్రు. పొద్దుగూకేసరికి భీమ్‌గల్ చెరువు నిండి మత్తడి దుంకింది. నడి ఎండకాలంల. ఎవలన్న పోయి సూసిన్రా అంటె సూడలే, ఎందుకంటె కండ్లు కనవడతలేవు ఎవలికి. నాకొక్కనికే కనవడ్డది."

"నీకు కనవడకుంటె ఎట్ల," అన్నది ఎస్తేరమ్మ.

"ఇగ అప్పుడు నేను లేచిన. గిట్ల ఏడుసుకుంట ఉంటె ఊరు మునుగుతది, శవమే కనవడలే గదా, పిట్టకు పెట్టి సూద్దాం అన్న. గా తెలివి ఎవలికన్న వచ్చిందా? ఆడోళ్ళు నాటుకోడి కూర వండిన్రు, గారెలు చేసిన్రు, కల్లు సీస తెచ్చిన్రు. నా డాబా మీద రెండు విస్తర్లు పెట్టిన్రు. ఇంతల కార్ఖానల బీడీలు అప్పజెప్పే టైం అయ్యింది. 'తుకారాం, కావలుండు, కాకి ముడితే చెప్పు' అని గంపలెత్తుకొని వోయిన్రు. ఇగ డాబా మీద నేను, రెండు విస్తర్లు. కాకి లేదు. గంటయింది, లేదు. రెండు గంటలాయె, లేదు. గీ కాలంల కాకులేడున్నయన్నా, సెల్ టవర్లకు అన్ని వోయినయ్."

నేను బెంచీ కింద బావ కాలు తొక్కిన. ఆయన కాలు జరుపుకొని ఇంకింత సౌలతుగ కూసున్నడు.

"పిట్ట రాకుంటె పోయినోళ్ళకు మాటియ్యాలె గదా. చేతులు జోడిచ్చి నిలవడ్డ. 'సిస్టర్, నువ్వు కాపాడిన పిల్ల పెండ్లి నేను చేస్త' అన్న. గా మాట ఇంక నోట్లనే ఉన్నది, సిరికొండ గుట్టల దిక్కు నల్లగ లేచింది. మబ్బు అనుకున్న. మబ్బు కాదన్నా, కాకులు. పదకొండు వేల మూడు వందల నలభై."

"లెక్కవెట్టినవా?" అన్నడు రాజేశ్వర్.

"మస్కట్ల ఇటుకలు లెక్కవెట్టిన చెయ్యి ఇది. గవ్వి సూర్యున్నే కమ్మినయ్. హైవే మీద లారీలు నడి పగటీలి లైట్లు ఏస్కున్నయ్, నిర్మల్ దాక బండ్లు ఆగినయ్. గండ్ల ఒక పెద్ద కాకి, మేకపోతంత ఉంటది, వచ్చి నా పిట్టగోడ మీద కూసున్నది. డాబా జర ఒరిగింది, నీకు అనుమానముంటె వచ్చి సూసుకో, పగులు గూడ ఉన్నది. రెండు విస్తర్లు సఫా జేసింది. కల్లు సీసను ముక్కుతోని లేపి గటగట ఒక్క గుక్కల తాగింది. మూతి తుడుసుకున్నది. నాకు మొక్కింది. వోయింది."

"కాకి మొక్కింది," అన్నడు రాజేశ్వర్.

"పెద్దోళ్ళకు మొక్కది మరి? అసలు ముచ్చట ఇంక మొదలే కాలే. ఇంట్ల చాయ తాగుతున్న, ఫోన్ మోగింది. నంబర్ ఎంత పొడుగున్నదంటె తెరల వట్టలే. సీరియల్ కంపెనోళ్ళు. 'తుకారాం సాబ్, మీరు ఆడ పిట్ట ముట్టిచ్చిన్రంట, ఈడ మా షూటింగ్ల ఆమె నిజంగనే లేస్తలేదు. జర వాపస్ తీస్కోన్రి' అని ఏడుస్తున్నరు. ముట్టిన పిట్టను వాపస్ తీసుకుంటరా? ఫికర్ చెయ్యకున్రి అన్న. రెండు లారీల ఆర్మూర్ పసుపు పంపిన. కొరికిన కాడ అద్దిన్రో లేదో, లేచి కూసున్నది. ఆమె చేతులు కడుక్కున్న నీళ్ళు పీనుగుల మీద వడ్డయ్, గవ్వి గూడ మనుషులైనయ్. ఒకటి బుద్ధిగ బట్టల దుకాణం పెట్టుకుంది. ఇప్పుడు వాళ్ళ కష్టమేందంటె, సీరియల్ తియ్యనీకి ఒక్క పీనుగ లేదు. ఆర్మూర్ నుంచి నాలుగు వందల మందిని పంపుమని నా మెడ మీద కూసున్నరు."

"నువ్వే పోరాదు," అన్నది ఎస్తేరమ్మ. "నిన్ను కొరికినోడు గూడ ముచ్చట్లు చెప్పుకుంట తిరుగుతడు."

రాజేశ్వర్ నవ్విండు. "అబద్ధమాడినా అతికినట్టుండాలె తుకారాం. కాకి ముట్టిందంటివి, అంటె ఆమె పోయినట్టు. మళ్ళ లేచిందంటివి. ఏది నమ్మాలె?"

బావ జవాబు చెప్పనీకి గొంతు సవరిచ్చిండు. ఆయన కాడ జవాబుకు కొదువ లేదు. కాని గంతల్నే బెంచీ చివర్ల నుంచి మాట వచ్చింది.

"తుకారాం. గా కాకి కల్లు తాగిందా బిడ్డా?"

"తాగింది అవ్వా. గటగట."

"మరి సీసకు మూత ఎవలు పెట్టిన్రు?"

బావ తువ్వాల తీసి మొకం తుడుసుకున్నడు.

"మూత తీసి పక్కన పెట్టింది నేనే," అన్నది అంజవ్వ. "మా ఇంటాయనకు చేతులు వణుకుతుండె. మూత రాకపోతుండె. అందుకని తీసి పెట్టిన. మేం వచ్చేసరికి సీస ఖాళీ, మూత బిగిచ్చి ఉన్నది. కోడి బొక్కలు విస్తరంచుకు కుప్ప వెట్టి ఉన్నయ్."

రాజేశ్వర్ పకపక నవ్విండు. మేమెవరం నవ్వకపోయేసరికి ఆయన గూడ ఆపి, ఏమైందన్నట్టు నా దిక్కు చూసిండు.

"మూత సంగతి ఆ దినమే సూసిన," అన్నది అంజవ్వ. "అడుగుదామనుకున్న. మనసు వద్దన్నది. మూడు వారాల సంది మంచిగ నిద్ర వడుతున్నది, ఎందుకు చెడగొట్టుకోవాలె అనుకున్న. ఇయ్యాల నువ్వు పదకొండు వేల కాకులన్నవ్. నువ్వు పదకొండు వేలన్నవంటె, ఒక్కటి గూడ రానట్టే గదా."

ఎస్తేరమ్మ పొయ్యి మంట తగ్గిచ్చింది. నాకు బావ మీద ఎంత కోపమొచ్చిందంటె, గా గోడంత టీవీని తీస్కపోయి హైవే మీద పెట్టాలనిపిచ్చింది.

"నాకు కోపం లేదు," అన్నది అంజవ్వ. "కోడి కూర ముంగట పెట్టి రెండు గంటలు కావలుండుమంటె ఎవలుంటరు. కాని నిజం చెప్పు. గాయన విస్తరి ఏమైంది? రాకుంటె రాలేదను. ఎల్లుండి మళ్ళ పెట్టుకుంట. వండుడు నాకు బరువు కాదు. గాయన ఉపాసమున్నడంటేనే నాకు సైస్తలేదు."

తుకారాం బావ గ్లాసుల చూసుకున్నడు.

"తిన్నది నేనే అవ్వా," అన్నడు ఆఖరుకు. "ఆకలైంది. కరుణ సిస్టర్ విస్తరి దిక్కు కాకి సూడనన్న సూడలే, అది నేనే తిన్న. కల్లు నేనే తాగిన."

"గంగన్నది?"

"గంగన్న కాక విస్తరికి ఒకటి వచ్చింది."

"ఎన్ని?"

"ఒక్కటే. ముసలి కాకి. ఈకలు గూడ సక్కగ లేవు. రెండు మెతుకులు తీసుకున్నది, జర సేపు కూసున్నది, వోయింది. అది వోయినంక మిగిలింది నేను తిన్న. తప్పయింది అవ్వా."

"రెండు మెతుకులేనా?"

"రెండే."

అంజవ్వ ఆయన దిక్కు చాల సేపు చూసింది. సంతల చింతపండు పట్టుకొని చూసినట్టు, గింజ ఉన్నదా లేదా అన్నట్టు చూసింది. ఆ తర్వాత కొంగుతోని కండ్లు ఒత్తుకున్నది.

"గాయన తిండి ఎప్పుడు గంతే," అన్నది. "పెండ్లిండ్లకు తీస్కపోయినా రెండు మెతుకులు తిని చెయ్యి కడుక్కునేటోడు. నేను కొట్లాడుతుండె." గంపెత్తుకొని లేచింది. "ఆటో తియ్యి శేఖర్. కార్ఖాన బంద్ అయితది."

నేను చావీ వెతుక్కుంటుంటె, వెనుక ఎస్తేరమ్మ గంటె చేతుల పట్టుకొని గట్లనే నిలవడ్డది. "అంటె కరుణ సిస్టర్ విస్తరి ముట్టలేదన్నట్టే గదా," అన్నది. "అంటె ఆమె పోలే. తలుపు వెనుకనే ఉన్నది. తుకారాం, గీ ఆదివారం టీవీ పెట్టు, నేను హోటల్ బంద్ జేసి వస్త."

అంజవ్వను కార్ఖాన కాడ దించి నేను మళ్ళొచ్చేసరికి రాజేశ్వర్ వోయిండు. బావ గదే బెంచీ మీద, గదే గ్లాసు పట్టుకొని కూసున్నడు. చాయ మీద మీగడ కట్టింది. పక్కన కూసొని మెల్లగ అడిగిన.

"నిజంగనే ఒకటి వచ్చిందా బావా?"

ఆయన రోడ్డు దిక్కే చూసుకుంట అన్నడు. "ఇంకొక కాకిని కలుపుదామనే అనుకున్ననురా శేఖర్. నోరు రాలే."