మొక్కేసిన కడుపు

ఏటే అనూరాదా, మళ్లీ సెప్పు? మీ అత్త ముడుపు కట్టీసినాదా? పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ఎట్టి, మగపిల్లోడు పుడితే అమ్మోరికి సీర పెడతానని మొక్కీసినాదా? నిన్నడిగినాదా? నేదు. ఎవులూ అడగరు. మోసీది నువ్వు, మొక్కీది ఆవిడ! ఒలమ్మా... ఏడవకు, ఏడిస్తే నాకు సిరాకు. ఆ సంటిదాన్ని ఇలగియ్యి, ఒళ్లో ఏసుకుంటాను. మీ సిన్నమ్మమ్మ ఈశ్వరి ఎలగ పోయినాదో ఎవులైనా సెప్పేరేటే నీకు? జొరమని సెప్పుంటారు. జొరం! ఆ మాటింటే నాకు ఒళ్లు మండిపోతాది.

ఆమదాలవలసలో టేసను దగ్గర ఆల్లది బియ్యం కొట్టు. నా సెల్లి నవ్వితే ఈది సివరికి ఇనిపించీది, కొట్టుకొచ్చినోల్లు ఆ నవ్వుకే తిరిగి సూసీవోరు. మొగుడు ధనరాజు మంచోడే. మంచోడంటే ఏటి, నోట్లో నాలిక నేనోడు, తల్లి గీసిన గీత దాటడు. ఇద్దరాడపిల్లలు. రెండో కాన్పుకి రగతం ఎక్కించి బతికించేరు. మళ్లీ కడుపొచ్చినాది. "నాకొద్దప్పా, ఈసారి నాను మిగల్ను, ఈ పిల్లల్ని ఎవులు సూస్తారు" అన్నాది. రామతీర్థం ఎల్తన్నామని ఇంట్లో సెప్పి, రైలెక్కి, చీపురుపల్లిలో దిగి ఆసుపత్రికెల్లేం. అక్కడ నర్సమ్మ ఎంత బాగా సెప్పినాదనుకున్నావ్! "నెలలు ముదరనేదు, సేస్తాం. రగతం తక్కువుంది గనక ఒక పూట ఉంచుతాం. ఇది తప్పు కాదమ్మా, సట్టమే ఉంది. మొగుడూ రానక్కర్లేదు, అత్తా రానక్కర్లేదు, నువ్వొప్పుకుంటే సాలు. శుక్రారం రా" అన్నాది. దార్లో ఇది జంతికలు కొనుక్కుని తిన్నాది తెలుసా. అంత ఊపిరొచ్చినాది దానికి.

ఇంటికొచ్చీసరికి గుమ్మంలో అత్త, పార్వతీదేవి. పేరు సూడు, పార్వతీదేవి! కోడలి వేవిళ్లు కనిపెట్టీసి, మేం అటెల్లగానే దూలానికి ముడుపు కట్టీసినాది. "మనవడు పుడితే అమ్మోరికి ఎండి కళ్లు సేయిస్తానని మొక్కీసేను. ఇంక ఆ కడుపు నీది కాదే, అమ్మోరిది, జాగర్త." అంతే, ఈశ్వరి మాట మార్చీసినాది. శుక్రారం నాను ఎల్లి రావే అంటే రాదు! "తీయించుకుంటే అమ్మోరు నా పిల్లల మీద పడతాదప్పా." మరి కంటావేటే? "కంటే నాను పోతాను." ఎవుర్తో సలహా ఇచ్చినాదట, ఆసుపత్రిలో తీయిస్తే పాపం గానీ దానంతటదే పడిపోతే అమ్మోరికి కోపం రాదని. దానంతటదే! సంతలో ఎవుడో నాటుమందు పొడి ఇచ్చేడు, అది తాగినాది. నాకు సెప్పనేదు. రగతం ఆగనేదు. ఆల్ల ఊళ్లోనూ ఆసుపత్రుంది, పట్టాలవతలే, నడిసెల్లొచ్చు. పార్వతీదేవి ఏటి సేసినాది? అమ్మోరు పూనినాదని హారతిచ్చినాది, ఏపాకు కట్టినాది! ధనరాజు గుమ్మంలో నిలబడి సూసినాడు. నాను పరిగెత్తుకెల్లీసరికి సాపంతా తడిసిపోయి, "అప్పా, దానంతటదే" అన్నాది. అదే ఆకరి మాట.

ఇంకా ఉన్నాది ఇను. ఆ ముసల్ది ఎండి కళ్లు సేయించినాది! గుడికాడ నన్ను సూసి, "మీ సెల్లెలి తప్పుకి నాను సెల్లించేను" అన్నాది. సిగ్గు నేని ముండ! జుత్తట్టుకుని ఈడ్సీదాన్నే, జనం పట్టుకున్నారు. ఎందుకు పట్టుకున్నారో! అమ్మోరు అడిగినాదేటే కళ్లు? ఆవిడా ఆడదే కదా!

ఇప్పుడు నీ సంగతి. మీ ఆయన హైదరాబాదు నుంచి రావాలని కూకోకు. అప్పుడూ అక్కర్లేదు, ఇప్పుడూ అక్కర్లేదు. మొదట్లో అయితే మాత్రల్తోనే అయిపోతాదట, డాట్రమ్మ పరీచ్చ సేసి ఇవ్వాలి. మందుల సాపులో నువ్వు కొనుక్కుని మింగేవంటే సంపేస్తాను. పేరు బయటకి పొక్కనివ్వరు. ఉంచుకుంటానంటావా, నీ పురుడు నానే పోస్తాను, ఆనందంగా పోస్తాను. ఏదైనా సరే గానీ, అత్త మొక్కినాదని సెప్పకు నాకు. నీకేటి కావాలి? నేల సూపులొద్దు, నా కేసి సూడు.

ఏటీ? ఇనపడనేదు.

ఊఁ. అలగ. అలాగే ఆసుపత్రిలో డాట్రమ్మ ముందర అను, గట్టిగా. సీర మార్చుకో, పిల్లని నానెత్తుకొస్తాను.