నీలి మూత సీసా

గుజరాత్‌లో మగ్గాల పేట డిండోలి. అక్కడ రెండో అంతస్తు గది. లాక్‌డౌన్ నెల, మిట్టమధ్యాహ్నం. లింగమూర్తి పొయ్యి గట్టు దగ్గర గ్లాసులు కడుగుతున్నాడు. కూతురు అనురాధ బియ్యం లైను నుంచి అప్పుడే వచ్చింది; తల్లి ఇంకా లైనులోనే ఉంది.

“పొగ వాసన స్కాచ్ పోస్తే జిన్ అణిగిపోతది. మెత్తటి స్కాచ్ పోస్తే జిన్ పైకి లేస్తది. దమణ్ బార్ల ఎనిమిదేండ్లు గిదే నేర్సిన బిడ్డా. రెండిట్ల ఒక్కటి మార్చినా అది వేరే మందే.”

“బాపూ, పప్పు మాడుతుంది.”

“ఏడ?”

“ఏడ అంటవేంది? నీ మోచేతి పక్కనే! మెట్ల దాకా కొడుతుంది.”

“మాస్కు ఉన్నది గద, తెలుస్తలేదు.”

“మాస్కు గదుమ కింద ఉన్నది.”

“బంద్ చేసిన, తీయి. ఏం చెప్తున్న... ఆఁ, పై గది నర్సింగం పొద్దుగాల్నే అడిగిండు. మగ్గాలు బంద్, మన పేకాట గూడ నాలుగు దినాల కిందనే బంద్ పెట్టినం, జర నీ చేతి మందన్న కలుపరాదే అన్నడు. ఒక జగ్గు కలిపిన.”

“గుజరాత్‌ల సీస కనవడితే లోపలేస్తరు బాపూ.”

“మెల్లగ మాట్లాడు మరి.”

“ఏం పోసినవ్?”

“పొగ స్కాచ్. అల్మారాల దాసిన జిన్. నీలి మూత సీస.”

“నీలి మూతయి రెండున్నయి.”

“రెండేంది? నేను దాసింది ఒక్కటే.”

“నువ్వు తాగి పారేసిన సీసను అవ్వ కడిగింది.”

“కడిగి?”

“మిల్లోళ్లిచ్చిన శానిటైజర్ పోసింది. పుర్రె బొమ్మ క్యాను లేదూ? అది కారుతుందని.”

“ఏయ్, ఊకో.”

“ఇగో, నీ జిన్. సీల్ గూడ తియ్యలే. గట్టు మీది ఖాళీ సీస ఏంది మరి?”

“నేను చెంచడు నోట్లె ఏసుకోంది, వాసన చూడంది, ఎవ్వనికీ గ్లాసియ్య. అది నా నేమం.”

“చూసినవా?”

“చూసిన.”

“మల్లెపూల వాసన రాలే? అవ్వ దాన్ని చేతులకు రాసుకుంటె గదంత మల్లెపూలే.”

“పప్పు గిన్నె నానబెట్టు, మళ్ల రుద్ద రాదు.”

“బాపూ.”

“...రాలే.”

“ఎన్ని దినాలాయె?”

“మూడు. చెప్తే కరోనా బండొస్తది, ఎత్తుకపోతరు, తలుపుకు కాగితం అతికిస్తరు. మీ అవ్వకు చెప్పకు.”

“నువ్వెంత తాగినవ్?”

“చెంచడే. చెంచడే బిడ్డా.”

“జగ్గేది?”

“పైకి పంపిన. నర్సింగం, ముత్యం, బుచ్చిరాములు.”

“ఎప్పుడు?”

“గంటైతది.”

“పొగ స్కాచ్ ఆ మల్లెను కప్పుతదా?”

“కప్పది. మల్లెను ఏదీ కప్పది. మొదటి గుటకకే పారబోసి, నన్ను తిట్టుకుంట కూసుంటరు. ముగ్గురికి మూడు ముక్కులున్నయి గద! ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు.”

“హలో, నర్సింగం మామా! తాగకుండ్రి! ఆ జగ్గు తాగకుండ్రి!”

“అనూ, నువ్వా? ఇంకేడి జగ్గు బిడ్డా! కడిగి బోర్లించినం. మీ బాపు చెయ్యే చెయ్యి.”

“మామా, మల్లెపూల వాసన రాలేదా?”

“వాసననా? ...మీ బాపు పక్కన లేడు గద? ఎవ్వలకు చెప్పకు బిడ్డా. ఆదివారం సంది మా ముగ్గురికీ ఏ వాసనా తెలుస్తలేదు.”